పొయ్యి ముట్టించిన చెయ్యి

"అక్కా, గీడ అన్ని పనులు నేనే చేస్త. పొయ్యొక్కటే ముట్టియ్యనియ్యరు."

2012లో, ఇజ్రాయెల్ వెళ్లిన మూడో వారం మా చిన్నమ్మ బిడ్డ ఫోన్లో నాతో అన్న మాట ఇది. మాది భైంసా. గల్ఫ్‌కు పోయిన మగవాళ్ల మీద మా ఉత్తర తెలంగాణలో కథలు, పాటలు చాలానే వచ్చాయి. నిజామాబాద్, కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల నుంచి ఇజ్రాయెల్‌కు ముసలివాళ్ల సేవకు వెళ్లినవాళ్ల గురించి, అందులోనూ ఆడవాళ్ల గురించి వచ్చింది తక్కువ. మా చెల్లె అలా వెళ్లిన మనిషి. మొగుడు దుబాయ్ నుంచి జబ్బుతో, అప్పుతో తిరిగొచ్చాడు. ఇద్దరు పిల్లల్ని తల్లి దగ్గర వదిలి, ఉన్న ఎకరం పత్తి చేను కుదువబెట్టి ఏజెంటుకు డబ్బు కట్టి బయలుదేరింది. టెల్ అవీవ్ పక్కన బ్నేయ్ బ్రాక్‌లో, ఎంతో నిష్ఠగా ఉండే ఒక యూదు కుటుంబంలో, ఎనభై దాటిన ముసలమ్మను చూసుకునే పని. స్నానం, మందులు, చక్రాల కుర్చీ, వంట, గిన్నెలు అన్నీ తనవే. ఆమెను 'సవ్తా' అని పిలిచేది. "సవతి కాదక్కా, సవ్తా. అమ్మమ్మ అన్నట్టు" అని నవ్వేది.

ఉల్లిగడ్డ కోయడం, కూరగాయలు కడగడం, గంజులో నీళ్లు పోయడం అన్నీ తనే చేస్తుంది. కానీ స్టవ్ బటన్ మాత్రం సవ్తా తన కుర్చీ తోయించుకుంటూ వచ్చి తిప్పాలి. యూదులు కానివాళ్లు ముట్టించిన పొయ్యి మీద వండింది వాళ్లు తినరు.

నాకు కోపం వచ్చింది. కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని కదా, కోపానికి సిద్ధాంతం కూడా వెంటనే దొరికింది. "ఇది అంటరానితనమే చెల్లె, నువ్వెందుకు పడి ఉండాలె?" అన్నాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లగా అడిగింది:

"మీ ఇంట్ల ఖాలా కప్పు యాదికుందా అక్కా?"

ఆ ప్రశ్నకు ఆ రోజు జవాబు చెప్పలేదు. పన్నెండేళ్లు దాటాక ఇప్పుడు ఇలా రాయడానికి కూర్చున్నాను.

*

భైంసాలో మూడు భాషలు. 1956 దాకా మా ముధోల్ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోని నాందేడ్ జిల్లాలో ఉండేది. తర్వాత ఆదిలాబాద్‌లో కలిసింది, 2016 నుంచి నిర్మల్ జిల్లా అయింది. పత్తి మార్కెట్లో బేరం మరాఠీలో మొదలై ఉర్దూలో నడిచి తెలుగులో తెగేది. మా ఇంటి గోడకు గోడ కలిపిన ఇల్లు ఖాలాది. ఆమె భర్తను మేము ఖాలూ అనేవాళ్లం. దసరాకు, పెండ్లికి, పురుడుకు వాడకట్టు మొత్తానికి మేకను కోసేది ఆయనే. 'హలాల్ చేయించినవా?' అని మా నాయన అడిగితే అది మాకు మతం మాట కాదు, పని మాట. ఆయన బిస్మిల్లా అని కత్తి పెట్టేవాడు, కుండెడు నెత్తురు పళ్లెంలో పట్టి ఇచ్చేవాడు. మేము ఆ నెత్తురును ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ వేసి నల్ల వండుకునేవాళ్లం. వాళ్లు నెత్తురు ముట్టరు. ఆయన మాకోసం పట్టేవాడు, అంతే.

ఖాలా మధ్యాహ్నాలు మా ఇంటికొచ్చేది. అమ్మతో కలిసి బియ్యం ఏరేది, పత్తి గింజలు తీసేది. చాయ్ తాగే వేళకు నాకొక పని ఉండేది. వెనక గిన్నెలు తోమే బండ దగ్గర గోడలో ఒక గూడు. అందులో పింగాణీ కప్పు, నీలి పువ్వుది, చెవి సగం విరిగింది. అది తెచ్చి ఇవ్వాలి. ఆమె తాగి, తనే కడిగి, తనే గూట్లో బోర్లించి పోయేది. నాకు పదేళ్లప్పుడు ఒకసారి మరిచిపోయి స్టీలు గిలాసలో చాయ్ ఇచ్చాను. ఖాలా ఏమీ అనకుండా తాగింది. ఆమె పోయాక అమ్మ ఆ గిలాసను చింతపండుతో తోమి, పొయ్యిలో నిప్పుల మీద కాల్చి, అప్పుడు లోపలికి తెచ్చింది. నన్ను తిట్టలేదు. అట్లా చేయొద్దని మాత్రం చెప్పింది. నేను మళ్లీ ఎప్పుడూ చేయలేదు.

మాది బీసీ కులం. మా నాయనను పైకులాల వాళ్లు అరుగు మీద కూర్చోనిచ్చేవారు కాదు. చేన్లో పనికొచ్చే మాదిగ ఆడవాళ్లకు మా అమ్మ ఎత్తు నుంచి దోసిట్లో నీళ్లు పోసేది. మెట్టు మీద మెట్టు. ఖాలూ కోసిన మేకను మేము వండుకు తిన్నాం. ఆయన భార్య పెదవి తగిలిన గిలాసను నిప్పుల్లో కాల్చాం. ఈ రెండూ ఒకే ఇంట్లో, ఒకే ఆడమనిషి చేతుల మీదుగా జరిగాయి. ఆమె మా అమ్మ. చాలా మంచి మనిషి.

*

చెల్లె ఫోన్లు వారం వారం వచ్చేవి. ఆమె చెప్పగా చెప్పగా, తర్వాత నేను చదువుకోగా కోషర్ అంటే ఏమిటో కొంచెం తెలిసింది. ఆ మాటకు 'తగినది' అని అర్థం. ఇజ్రాయెల్లో అందరూ పాటించరు. పాటించేవాళ్లలోనూ తేడాలున్నాయి. సవ్తా ఇల్లు కట్టుదిట్టమైనది.

నెమరు వేసి, గిట్టలు చీలి ఉన్న జంతువే తగినది. ఆవు, మేక, గొర్రె పనికొస్తాయి. పందికి గిట్ట చీలి ఉన్నా నెమరు వేయదు, ఒంటె నెమరు వేసినా గిట్ట సరిపోదు. చేపకు రెక్క, పొలుసు రెండూ ఉండాలి. మా బాసర గోదావరి లెక్కలో చెప్పాలంటే రవ్వ, బొచ్చె తినొచ్చు, వాలుగ తినకూడదు, రొయ్య అసలే కూడదు. జంతువును శిక్షణ పొందిన మనిషి, గాటు లేని కత్తితో, ఆగకుండా గొంతు మీద కోయాలి. కత్తి అంచును గోటి మీద నడిపి చూస్తారట. ఇంతవరకు చెల్లెకు కొత్తేమీ లేదు. "మన ఖాలూ లెక్కనే" అంది.

తర్వాత నెత్తురు. మాంసాన్ని అరగంట నీళ్లలో నానబెట్టి, గంటసేపు ఉప్పు పట్టించి, నెత్తురు కారిపోయేలా వాలుగా పెట్టి, మూడుసార్లు కడగాలి. కాలేయంలో నెత్తురు ఎక్కువ కనుక దానికి ఉప్పు చాలదు, మంట మీద కాల్చాల్సిందే. పగలగొట్టిన గుడ్డులో నెత్తురు చుక్క కనిపిస్తే పారెయ్యాలి. "నల్ల గురించి వీళ్లకు చెప్పలేదక్కా. చెప్తె నన్నే ఉప్పులో నానేస్తరు" అనేది.

ఆ తర్వాత పాలు, మాంసం. మేకపిల్లను దాని తల్లి పాలలో ఉడికించొద్దని తోరాలో మూడుచోట్ల ఉన్న ఒక్క ఆజ్ఞ నుంచి సగం వంటిల్లు పుట్టింది. రెండు సింకులు, రెండు వరుసల గిన్నెలు, రెండు గంటెలు, రెండు తువ్వాళ్లు. ఎరుపు మాంసానికి, నీలం పాలకు. మాంసం తిన్నాక ఆ ఇంట్లో ఆరు గంటల దాకా పాలు ముట్టరు. కాబట్టి పెరుగులో నానేసిన కోడికూర లేదు, బిర్యానీ మీద నెయ్యి లేదు, మటన్ తిన్నాక పెరుగన్నం లేదు.

మొదటి నెలలో చెల్లె పాల చెంచాను మాంసం గిన్నెల్లో వేసి వేడినీళ్లతో తోమింది. సవ్తా కూతురు వచ్చింది. గొడవ చేయలేదు, ఎవరికో ఫోన్ చేసింది. అటువైపు రబ్బీ. ఎంత వేడి నీళ్లు, చెంచా ఎప్పుడు వాడింది అని అడిగి తీర్పు చెప్పాడు. ఇనుము, స్టీలు అయితే మరిగే నీళ్లతోనో మంటతోనో శుద్ధి చేయొచ్చు. మట్టి పాత్రకు, పింగాణీకి శుద్ధి లేదు, వాడకం మానెయ్యాలి. ఈ సంగతి విన్నప్పుడు నాకు మా అమ్మ నిప్పుల మీద పట్టుకున్న గిలాస కనిపించింది. వాళ్లు పాలు తగిలినందుకు కాల్చారు. మేము మనిషి తగిలినందుకు కాల్చాం. తేడా పెద్దదే అని అప్పుడు అనుకున్నాను, కొంచెం సిగ్గుతో.

కానీ పొయ్యి సంగతి అట్లా తేలేది కాదు. పొయ్యి దగ్గర వాళ్లు కూడా వస్తువును కాదు, మనిషిని చూస్తున్నారు. యూదేతరుల వంట, వాళ్ల ద్రాక్షసారా మీద నిషేధాలకు పాత ధర్మవేత్తలు చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది ఒకటుంది. కలిసి తాగితే, కలిసి తింటే, వాళ్ల కూతుళ్లను చేసుకుంటారేమోనన్న భయం. గిన్నె చుట్టూ గీసిన గీత నిజానికి ఆడపిల్ల చుట్టూ గీసింది. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో అంబేద్కర్ కులానికి మూలం లోపలి పెళ్లిళ్లేనని చెప్పారు. వంటింటి నియమాన్ని గుంజితే పెళ్లి పీట కూడా కదులుతుంది. అది యెరూషలేమైనా, భైంసా అయినా.

అయినా రెండింటినీ ఒకటే అనలేను. కోషర్ నియమం పాటించే మనిషి తన నోటికి తాను కట్టుకున్న కట్టు. అది పక్కవాడి బావిని, దారిని, గుడిని మూసెయ్యదు. కులం మూసేసింది. యూదులే శతాబ్దాలపాటు ఇతరుల ఊళ్లలో అల్పసంఖ్యాకులుగా ఉంటూ ఈ గీతతో తమను తాము కాపాడుకున్నారు. అయితే గీత గీసుకున్నవాళ్ల ఇంట్లో జీతానికి పనిచేసే, వీసా ఆ పనితోనే ముడిపడిన పరాయి ఆడమనిషికి ఈ తేడా ఎంతవరకు తెలుస్తుంది? పొయ్యి దగ్గర నిలబడి బటన్ మీద చెయ్యి వేయకుండా ఆగాల్సింది ఆమె కదా.

*

స్త్రీల వైపు నుంచి చూస్తే ఈ చట్టం వింతగా ఉంటుంది. యూదు ధర్మశాస్త్రంలో కోర్టు సాక్ష్యానికి స్త్రీ సాధారణంగా పనికిరాదు. కానీ ఈ మాంసం ఉప్పు వేసిందా, ఈ గిన్నె పాలదా మాంసానిదా అంటే ఆమె ఒక్క మాట చాలు. ఇల్లంతా ఆ మాట మీద తింటుంది. జంతువును కోసే అర్హత కూడా మూలగ్రంథం మిష్నా ప్రకారం స్త్రీకి ఉంది. 16వ శతాబ్దపు ఇటలీలో కొందరు స్త్రీలకు ఆ అనుమతి పత్రాలు కూడా ఇచ్చారు. ఆచారం మాత్రం నెమ్మదిగా కత్తిని మగచేతికి, ఉప్పును ఆడచేతికి ఇచ్చింది. హోటళ్లలో కోషర్ పర్యవేక్షణ చేసే జీతం ఉద్యోగానికి ఇజ్రాయెల్లో స్త్రీలను పరీక్ష రాయనిచ్చింది 2010ల్లో, అదీ మహిళా సంస్థ కోర్టు దాకా వెళ్లాక. ఇంట్లో ఊరికే చేసినంతకాలం ఆమె అర్హత మీద ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ నమ్మకాన్నే ఆడవాళ్లు ఆయుధం చేసుకున్న రోజు కూడా ఉంది. 1902 మే నెలలో న్యూయార్క్‌లో కోషర్ మాంసం పౌను 12 సెంట్ల నుంచి 18 సెంట్లకు పెరిగింది. ఈస్ట్ సైడ్ పేద యూదు గృహిణులు దుకాణాల ముందు నిలబడి కొనుగోళ్లు ఆపారు, మాంసం వీధిలో పారేశారు, ప్రార్థనామందిరాల్లోకి వెళ్లి తోరా పఠనాన్ని ఆపి మగవాళ్లను మద్దతు అడిగారు. నెల తిరిగేసరికి ధర 14 సెంట్లకు దిగింది. చరిత్రకారిణి పౌలా హైమన్ 1980లో రాసేవరకు చాలామందికి ఈ సంగతి తెలియదు. వంటింటి కట్టుబాటు తెలిసినవాళ్లకే దాని అంగడి లెక్క కూడా తెలుస్తుంది.

ఇంకొకటి చెల్లె చెబితే నేను నమ్మలేదు. నెత్తురంటే అంత భయపడే ఆ ఇంట్లో, సవ్తా కోడలు బహిష్టులో ఉన్నప్పుడు కూడా వంట చేసింది. భార్యాభర్తల మధ్యే దూరం. అది కఠినమైన దూరమే, చివర్లో స్నానంతో తీరేది. కానీ ఆమె ముట్టిన అన్నానికి మైల లేదు. ఇథియోపియా యూదుల్లో మాత్రం ఆ రోజుల్లో స్త్రీని వేరే గుడిసెలో ఉంచే ఆచారం ఉండేదట. ఈ స్త్రీ శుద్ధి నియమాలను 1970ల్లో గొప్పగా సమర్థిస్తూ రాసిన రేచల్ ఆడ్లర్ అనే స్త్రీవాద ధర్మవేత్త, 1993లో ఆ వాదనను తానే బహిరంగంగా వెనక్కి తీసుకుంది. తను రాసింది చదివి ఆచరించిన స్త్రీలకు జవాబుదారీగా ఉండాలనుకుంది. రాసేవాళ్లం మనలో ఎంతమందిమి ఆ పని చేశాం?

*

ఇదే చట్టం మన తెలుగు నేల మీద ఇంకో అర్థం ఇచ్చింది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తాము బెనే ఎఫ్రాయిం అనే యూదులమని చెప్పుకునే మాదిగ కుటుంబాలున్నాయి. ఒకప్పుడు క్రైస్తవులు, 1980ల చివరి నుంచి యూదు ఆచారాలు పాటిస్తున్నారు. వాళ్ల మీద యూలియా ఎగొరొవా, షాహిద్ పర్వేజ్ 2013లో ఒక పుస్తకం వెలువరించారు. ఏ గొడ్డుమాంసం తిన్నందుకు ఊరి చివర ఉంచారో, ఆ తిండే తమ ప్రాచీన ఇజ్రాయెలీ మూలానికి గుర్తు అని ఆ సముదాయం పెద్దలు చెప్పుకున్నారు. ఆవు కోషర్ జంతువే కదా. 1948 నాటి పుస్తకంలో అంబేద్కర్ గొడ్డుమాంసాన్ని అంటరానితనపు మూలాల్లో ఒకటిగా చూపారు. వీళ్లు ఆ మూలాన్నే తిప్పి పట్టుకున్నారు. చరిత్ర వాళ్ల మాటను ఎంతవరకు ఒప్పుకుంటుందన్నది వేరే చర్చ. తిండిని బట్టి హీనులన్నవాళ్లు తిండిని బట్టే గౌరవం వెతుక్కోవడం నాకు అర్థమవుతుంది. మా చేన్లో దోసిలి పట్టిన ఆడవాళ్లు వాళ్ల అక్కచెల్లెళ్లే.

*

2008 అక్టోబరు. దుర్గ నిమజ్జనం ఊరేగింపు దగ్గర భైంసాలో అల్లర్లు మొదలయ్యాయి. ఆ రోజుల్లోనే పక్కన వటోలిలో ఒక ముస్లిం కుటుంబంలో ఆరుగురు ఇంట్లోనే కాలిపోయి చనిపోయారు. కర్ఫ్యూలో గోడ అవతల ఖాలా ఇంట్లో దీపం వెలగలేదు. మా అమ్మ రాత్రి గోడ మీంచి జొన్నరొట్టెల మూట అందించింది. ఖాలా అందుకుంది. మేము చేసిన రొట్టెలు తినడానికి ఆమె ఎప్పుడూ వెనకాడలేదు. ఆలోచిస్తే, గీత ఎప్పుడూ మా వైపు నుంచే ఉంది.

తర్వాతి ఏడాది వాళ్లు నిజామాబాద్ వెళ్లిపోయారు. మా వాడకట్టులో దసరా మేకను ఎవరి చేత కోయించాలన్నది మొదటిసారి ప్రశ్న అయింది. 'హలాల్' అనే పని మాట మతం మాటగా మారడం నేను నా చెవులతో విన్నాను. 2020లో, 2021లో భైంసా మళ్లీ తగలబడింది. 2022 ఉగాదికి కర్ణాటకలో హలాల్ మాంసం కొనొద్దని ప్రచారం నడిచినప్పుడు నాకు వింత అనిపించలేదు. మా గూట్లో కప్పు అంతకు ముప్పై ఏళ్ల ముందు నుంచే ఉంది.

*

చెల్లె 2018లో తిరిగొచ్చింది. చేను విడిపించింది. వచ్చిన వారానికే నెలసరి వచ్చింది. చిన్నమ్మ ఎప్పటిలాగే వేరే చాప, వేరే తలె పెట్టింది. చెల్లె చాప మీద కూర్చుని నాతో అంది: "ఆడ నా చెయ్యి పరాయిదని పొయ్యి ముట్టియ్యనియ్యలే. ఈడ నెలకు మూడొద్దులు నా చెయ్యి నాకే పరాయిది."

ఆమె నాకు ఇంకొకటి చెప్పింది. ఆఖరి ఏడాదికి సవ్తా చేతులు బాగా వణికేవి. శుక్రవారం పొద్దు వాలితే సబ్బాతు, ఇక నిప్పు ముట్టకూడదు. కూతురు రావడం ఆలస్యమైంది. ముసలమ్మ కుర్చీలో ముందుకు వంగి బటన్ పట్టుకుంది కానీ తిప్పలేకపోయింది. రెండుసార్లు చూసింది. అప్పుడు ఎడమ చేత్తో చెల్లె చెయ్యి పట్టుకుని తన చేతి మీద వేసుకుంది. ఇద్దరూ కలిసి తిప్పారు. మంట వచ్చింది. సవ్తా ఎవరికీ చెప్పలేదు, రబ్బీకి ఫోన్ చేయించలేదు. ఆ రాత్రి అందరూ ఆ వంటే తిన్నారు.

"ఇప్పుడు చెప్పక్కా, పొయ్యి ఎవరు ముట్టిచ్చినట్టు?"

ఎవరికి తెలుసు? అయితే ఎనిమిది పదులు కట్టుబాటులో బతికిన ఆమె ఒక నిమిషంలో తేల్చుకుంది. మా అమ్మకు, నాకు ఆ నిమిషం ఎన్నోసార్లు దొరికింది, రోజూ చాయ్ వేళకు.

అమ్మ పోయాక ఇల్లు ఖాళీ చేస్తుంటే గూట్లో ఆ కప్పు కనిపించింది, బోర్లించే ఉంది. కాగితంలో చుట్టి తెచ్చుకున్నాను. నిరుడు నిజామాబాద్‌లో ఖాలా ఇంటికి వెళ్లాను. ఎనభై దాటింది, కళ్లు సరిగా కనిపించవు. నా చేతులు తడిమి గుర్తుపట్టింది. కోడలు అందరికీ ఒకే రకం గిలాసల్లో చాయ్ తెచ్చింది. "మీ అమ్మ చాయ్‌ల ఇలాచి మంచిగ ఏస్తుండె బిడ్డా" అంది ఖాలా. నా సంచిలో కప్పు ఉంది. తీయలేదు. తీసి ఏమనాలో మాట దొరకలేదు. గిలాస కడగబోతే కోడలు వద్దని లాక్కుంది.

చెల్లెకు ఈ సంగతి చెబితే విసుక్కుంది. "కప్పెందుకక్కా? మాట చాలు కదా."

ఈ దసరాకు మళ్లీ వెళ్తున్నాను. కప్పు ఇంట్లోనే పెట్టి వెళ్తాను.